తూకం అడ్డు చెప్పని తరగతి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక క్రీడాపుటలో ఇటీవల వచ్చిన హెవీవెయిట్ బాక్సర్ల వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ప్రపంచ టైటిల్ గెలిచే సత్తా ఉండి కూడా దాన్ని నిలబెట్టుకోలేకపోయిన బస్టర్ డగ్లస్, రిడిక్ బో, గ్రెగ్ పేజ్, టోనీ టబ్స్ వంటి వారిని తెలుగు పాఠకులకు పరిచయం చేసినందుకు వ్యాసకర్తకు కృతజ్ఞతలు. అయితే వారందరినీ ఒకే గాటన కట్టి, తిండికీ విలాసాలకూ లొంగిపోయిన సోమరులని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సమ్మతంగా లేదు. వారు క్రమశిక్షణ తప్పారన్నది నిజం, దాన్ని నేను కాదనను. కానీ మిగతా బరువు తరగతుల్లో అరుదుగా కనిపించే ఈ పతనం ఒక్క హెవీవెయిట్‌లోనే ఇంత తరచుగా ఎందుకు జరుగుతోంది అన్న ప్రశ్న ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న వేసుకోకపోతే మనం కొందరు మనుషులను నిందించి ఊరుకుంటాం తప్ప, అసలు ఏం జరిగిందో తెలుసుకోలేం.

బాక్సింగ్‌లో హెవీవెయిట్ మినహా ప్రతి తరగతికీ బరువులో ఒక పైహద్దు ఉంది. లైట్‌వెయిట్‌కు 135 పౌండ్లు, వెల్టర్‌వెయిట్‌కు 147, మిడిల్‌వెయిట్‌కు 160. పోటీకి ముందు జరిగే తూకంలో ఆ హద్దు దాటిన ఛాంపియన్ రింగ్‌లో అడుగుపెట్టకముందే టైటిల్ పోగొట్టుకుంటాడు, పారితోషికంలో కోత కూడా పడుతుంది. కాబట్టి సాధన మీద మనసు లేనివాడు సైతం పోటీ తేదీ దగ్గరపడేసరికి నోరు కట్టుకోక, పరుగెత్తక తప్పదు. హెవీవెయిట్‌కు ఆ నిర్బంధం లేదు. ఇప్పుడు అమలులో ఉన్న లెక్క ప్రకారం సాధారణంగా 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కిలోలు దాటినవాడు హెవీవెయిట్, ఆపైన ఎంత బరువున్నా అడిగేవారు లేరు. 235 పౌండ్లతో బ్రహ్మాండంగా పోరాడిన మనిషి 252 పౌండ్లతో వచ్చినా త్రాసు అతన్ని ఆపదు, నిర్వాహకుడు ఆపడు, టికెట్లు అమ్ముడైపోయాయి గనుక పోటీని ఏర్పాటు చేసే ప్రమోటర్ అసలే ఆపడు. మిగతా బాక్సర్లకు నిబంధన చేసిపెట్టే పనిని హెవీవెయిట్ తన మనసుతోనే చేసుకోవాలి.

రెండో కారణం ఈ తరగతిలో దెబ్బకుండే బలం. తేలిక తరగతుల్లో గెలవాలంటే పన్నెండు రౌండ్లపాటు వందల దెబ్బలు విసురుతూ, తప్పించుకుంటూ సాగాలి గనుక, ఊపిరి చాలనివాడు త్వరలోనే బయటపడిపోతాడు. హెవీవెయిట్‌లో మాత్రం సరైన చోట తగిలిన ఒక్క కుడిచేతి దెబ్బ ఆరు రౌండ్ల అలసటను కప్పేయగలదు. సాధన మానినవాడికి మొదట పోయేవి కాళ్ళ చురుకుదనం, ఊపిరి, ప్రత్యర్థి కదలికను పసిగట్టి స్పందించే వేగం. దెబ్బలోని బలం అన్నిటికన్నా చివర పోతుంది. అందువల్ల తాను దిగజారుతున్నానన్న సంగతి హెవీవెయిట్‌కు చాలా ఆలస్యంగా, సాధారణంగా తన స్థాయి ప్రత్యర్థి ఎదురైన రోజున, తెలుస్తుంది. తూకంలో పెరిగిన పదిహేను పౌండ్లు మనకు చెప్పేది ఆ బాక్సర్ తెల్లవారుజామున పరుగెత్తని రోజుల గురించి, మధ్యలో ఆపేసిన స్పారింగ్ (సాధన కోసం చేసే పోరాటం) రౌండ్ల గురించి. బాక్సింగ్ తెలిసినవారు పోటీ ముందురోజు ఆ అంకె కోసమే ఎదురుచూస్తారు.

మీ వ్యాసంలో డగ్లస్‌కు రెండు వాక్యాలే దక్కాయి. నా దృష్టిలో ఈ విషయమంతటికీ అతని కథే కీలకం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో అప్పటి ఛాంపియన్ మైక్ టైసన్‌ను అతను ఓడిస్తాడని ఎవరూ అనుకోలేదు. లాస్ వేగస్ పందేల్లో ధర 42కు 1 పలికింది, అంటే డగ్లస్ మీద ఒక డాలరు కాసినవాడికి అతను గెలిస్తే 42 డాలర్లు. అంతవరకు డగ్లస్‌కున్న పేరు, చేతిలో కళ ఉండి గుండెలో నిబ్బరం లేనివాడని. తండ్రి బిల్ డగ్లస్ కూడా బాక్సరే. కొడుకు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, చక్కని ఎడమచేతి జ్యాబ్ (చేయి చాచి సూటిగా వేసే దెబ్బ) ఉన్నవాడు. కానీ 1987లో టోనీ టక్కర్‌తో ఐబీఎఫ్ (ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటి) టైటిల్ పోటీలో బాగా పోరాడుతూ వచ్చి, పదో రౌండులో ఒక్కసారిగా చేతులెత్తేసినట్టు ఓడిపోయాడు. అలాంటి మనిషి టోక్యోకు 231 పౌండ్ల బరువుతో, జీవితంలో ఎన్నడూ లేనంత సిద్ధంగా వెళ్ళాడు. ఆ పోటీకి మూడు వారాల ముందు అతని తల్లి మరణించింది. ఎనిమిదో రౌండు చివర టైసన్ కింది నుంచి పైకి విసిరిన అప్పర్‌కట్‌కు కింద పడ్డాడు. పాత డగ్లస్ అయితే అక్కడితో ముగిసేది. ఈసారి లేచాడు, తొమ్మిదో రౌండంతా టైసన్‌ను తాళ్ళవైపు తరిమాడు, పదో రౌండులో నేలకూల్చాడు.

ఎనిమిది నెలల తర్వాత, అదే సంవత్సరం అక్టోబరు 25న, లాస్ వేగస్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో తలపడినప్పుడు డగ్లస్ తూకం 246 పౌండ్లు, హోలీఫీల్డ్‌ది 208. డగ్లస్‌కు ముట్టిన పారితోషికం 2 కోట్ల డాలర్లకు పైమాటే. మూడో రౌండులో దూరం సరిగా అంచనా వేయకుండా ఒక అప్పర్‌కట్ విసిరాడు, అది గాలిలో పోయింది, హోలీఫీల్డ్ సూటిగా వేసిన కుడిచేతి దెబ్బకు కూలిపోయాడు, రిఫరీ పది లెక్కపెట్టే వరకు లేవలేదు. ఈ ఎనిమిది నెలల్లో అతని ప్రతిభ ఏమీ తగ్గలేదు. మారినది చుట్టూ ఉన్న పరిస్థితి, లోపల ఉన్న ఉద్దేశం. టోక్యో తర్వాతి నెలలు ప్రమోటర్ డాన్ కింగ్‌తో కోర్టు వ్యాజ్యాల్లో, సన్మానాల్లో గడిచాయి. ఓడినా గెలిచినా జీవితాంతం సరిపడే డబ్బు ఒప్పందం మీద సంతకంతోనే ఖాయమైంది. నిరూపించుకోవలసినది ఒక్క రాత్రిలో నిరూపించుకున్నవాడు మర్నాడు తెల్లవారుజామున ఎందుకు లేవాలో అతనికి చెప్పగలిగినవారు లేకపోయారు.

ఆ తర్వాత అతని బరువు 400 పౌండ్లకు చేరువైంది, 1994లో మధుమేహం ముదిరి స్పృహ కోల్పోయి చావు అంచుదాకా వెళ్ళాడు. ఆరోగ్యం కోసమే మళ్ళీ సాధన మొదలుపెట్టి 1996లో తిరిగి రింగ్‌లోకి వచ్చాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అదే మనిషి క్రమశిక్షణ పాటించగలిగాడన్న విషయాన్ని సోమరి అన్న ఒక్క మాటతో వివరించలేం.

ఇక 1980ల బాక్సర్ల సంగతి. ఛాంపియన్‌గా లారీ హోమ్స్ పాలన చివరి దశకూ టైసన్ రాకకూ మధ్య ఉన్న ఆ కొద్ది సంవత్సరాల తరాన్ని అమెరికాలో చేజారిన తరంగా చెప్పుకుంటారు. అలాంటి మరో సంస్థ డబ్ల్యూబీఏ ఇచ్చే టైటిల్ ఎలా చేతులు మారిందో చూడండి. 1984 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో గెరీ కుట్జీని ఓడించి గ్రెగ్ పేజ్ గెలిచాడు. 1985 ఏప్రిల్‌లో అతని దగ్గరి నుంచి టోనీ టబ్స్ తీసుకున్నాడు. 1986 జనవరిలో టబ్స్ దగ్గరి నుంచి టిమ్ విదర్‌స్పూన్. అదే సంవత్సరం డిసెంబరులో విదర్‌స్పూన్ దగ్గరి నుంచి జేమ్స్ స్మిత్. మూడు నెలలకు స్మిత్ దగ్గరి నుంచి టైసన్. ఈ వరుసలో టైటిల్‌ను ఒక్కసారైనా నిలబెట్టుకున్నవాడు టైసన్‌కు ముందు విదర్‌స్పూన్ ఒక్కడే. వీరు చేతకానివారు కారు. టబ్స్ తన ఒడ్డుకు నమ్మలేనంత వేగంగా చేతులు ఆడించేవాడు. పేజ్ మహమ్మద్ అలీ సొంత ఊరు లూయీవిల్ నుంచే వచ్చినవాడు, కుర్రాడిగా ఉన్నప్పుడే అలీ వారసుడన్న పేరు తెచ్చుకున్నాడు. విదర్‌స్పూన్ తన పదహారో పోటీలోనే, 1983 మేలో, హోమ్స్‌తో పన్నెండు రౌండ్లు సమానంగా పోరాడి న్యాయనిర్ణేతల భిన్నాభిప్రాయంతో ఓడాడు. అదే తరానికి చెందిన పింక్లన్ థామస్ జ్యాబ్ గురించి ఆ కాలపు శిక్షకులు ఇప్పటికీ గౌరవంగా మాట్లాడతారు.

అయినా 1986 జనవరిలో అట్లాంటాలో టబ్స్ 244 పౌండ్లతో టైటిల్ కాపాడుకోవడానికి వచ్చాడు, 227 పౌండ్లతో వచ్చిన విదర్‌స్పూన్ పదిహేను రౌండ్లలో పెద్దగా శోభించకుండానే అతన్ని దాటేశాడు. పోటీ తర్వాత జరిపిన పరీక్షలో విదర్‌స్పూన్ గంజాయి వాడినట్టు తేలింది. మైకేల్ డోక్స్ 1982లో మైక్ వీవర్‌ను 63 సెకన్లలో ఆపించి (రిఫరీ పోటీని ఆపేసేలా కొట్టి) ఛాంపియన్ అయ్యాడు, ఏడాది తిరగకముందే కుట్జీ చేతిలో నాకౌట్ అయ్యాడు. ఆ రోజుల్లో కొకైన్ వాడుతున్నానని తర్వాత తానే చెప్పాడు. థామస్ పన్నెండు, పదమూడేళ్ళ ప్రాయంలోనే హెరాయిన్‌కు అలవాటుపడి, బాక్సింగ్ వల్ల దాని నుంచి బయటపడి, పేరు వచ్చాక మళ్ళీ మత్తులోకి జారాడు. చివరికి పూర్తిగా మానేసి, వ్యసనపరులైన యువకులకు సాయం చేసే పనిలోకి దిగాడన్న సంగతిని కూడా మీ వ్యాసం చెప్పి ఉండవలసింది. 1980ల అమెరికా నగరాల్లో కొకైన్ ప్రవాహంలా వచ్చిపడిన కాలమది. డబ్బు, ఖాళీ సమయం, భజన చేసే స్నేహితులు ఒక్కసారిగా వచ్చిపడిన ఇరవై అయిదేళ్ళ కుర్రాడి ఇంటికి ఆ మత్తు అందరికన్నా ముందే చేరింది.

ఈ తరం గురించి మాట్లాడేవారు తరచుగా దాటవేసే విషయం ఇంకొకటి ఉంది, అది వారికి చేతికందిన డబ్బు. వీరిలో చాలామందికి ప్రమోటర్ డాన్ కింగ్. విదర్‌స్పూన్‌కు మేనేజర్ ఆ కింగ్ పెంపుడు కొడుకు కార్ల్ కింగ్. ప్రమోటర్ దగ్గర బాక్సర్ తరఫున గట్టిగా బేరమాడవలసిన మేనేజర్ అదే ఇంటి మనిషైతే బాక్సర్ పక్షాన ఎవరున్నట్టు? 1986 జులైలో లండన్‌లోని వెంబ్లీలో వేలాది మంది ముందు, వారి అభిమాన బాక్సర్ ఫ్రాంక్ బ్రూనోను పదకొండో రౌండులో ఆపించి విదర్‌స్పూన్ టైటిల్ నిలబెట్టుకున్నాడు. 5 లక్షల డాలర్లు వస్తాయనుకున్న ఛాంపియన్‌కు కోతలన్నీ పోగా దాదాపు 90 వేలు చేతికి వచ్చాయి. ఓడిపోయిన బ్రూనోకు అంతకు ఎన్నో రెట్లు ముట్టింది. అదే సంవత్సరం డిసెంబరులో, ముందు అనుకున్న ప్రత్యర్థి తప్పుకోగా చివరి రోజుల్లో వచ్చిన స్మిత్‌తో న్యూయార్క్‌లో తలపడి, తొలి రౌండులోనే మూడుసార్లు కింద పడి ఓడాడు. బాక్సర్‌గా అది క్షమించరానంత నిర్లక్ష్యపు సన్నద్ధత, నేను సమర్థించను. కానీ గెలిచినా తన కష్టం మరొకరి ఖాతాలోకి పోతుందని కళ్ళారా చూసిన మనిషిని ప్రేరణ ఏమైందని అడిగేటప్పుడు ఆ లెక్క కూడా పక్కన పెట్టుకుని అడగాలి. తర్వాత అతను కింగ్ మీద దావా వేసి, ఏళ్ళ తర్వాత రాజీలో కొంత సొమ్ము రాబట్టుకున్నాడు. అప్పటికి అతని మంచి వయసు దాటిపోయింది.

ఇక్కడ వ్యాసకర్త పక్షాన ఉన్న బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని నేనే చెప్పడం న్యాయం. అదే ప్రమోటర్ కింద, అవే కోతల మధ్య, అదే కాలంలో లారీ హోమ్స్ 1978 నుంచి 1985 వరకు ఛాంపియన్‌గా ఉండి ఇరవైసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అలీకి స్పారింగ్ భాగస్వామిగా మొదలై, ఎవరూ తనను అలీతో సమానంగా చూడరన్న కసిని ప్రతి శిక్షణ శిబిరానికీ వెంట తీసుకెళ్ళినవాడు హోమ్స్. కాబట్టి పరిస్థితులే అన్నిటికీ కారణమని నేను అనను, అనలేను. హోమ్స్ వంటి మనోబలం ఉన్నవారు పరిస్థితులను దాటిపోతారు. కానీ ప్రతిభ ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి ఆ మనోబలం పుట్టుకతో రాదు. దాన్ని వారిలో పెంచవలసిన మేనేజర్, శిక్షకుడు, సంస్థ తమ పని చేయకపోతే ఆ తొమ్మిదిమంది పోతారు. 1980ల్లో జరిగింది అదే.

శిక్షకుడి మాట వచ్చింది కనుక రిడిక్ బో గురించి. న్యూయార్క్ బ్రౌన్స్‌విల్‌లో, టైసన్ పెరిగిన పేటలోనే పెరిగిన బో 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడి వెండి పతకంతో వచ్చినప్పుడు, మనసు పెట్టడన్న ముద్ర అప్పటికే పడింది. 1975లో మనీలాలో పద్నాలుగో రౌండు తర్వాత జో ఫ్రేజియర్‌ను ఇక చాలని కూర్చోబెట్టిన మహాశిక్షకుడు ఎడ్డీ ఫచ్ మొదట బోను తీసుకోవడానికి సంకోచించాడు. బాక్సింగ్ లోకంలో పదే పదే చెప్పుకునే కథ ఒకటుంది: తాను ఊళ్ళో ఉండడం లేదని చెప్పి, తెల్లవారుజామున ఒక్కడివే పరుగెత్తమని బోను ఆదేశించి, ఆ వృద్ధుడు కొండదారి పక్కన చాటుగా నిలబడి చూశాడట. బో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఫచ్ అతన్ని శిష్యుడిగా ఒప్పుకున్నాడు. ఎవరూ చూడనప్పుడు చేసే పనే హెవీవెయిట్ భవిష్యత్తును నిర్ణయిస్తుందని ఫచ్‌కు తెలుసు, అందుకే ఆ పరీక్ష పెట్టాడు.

1992 నవంబరు 13న 235 పౌండ్లతో బో హోలీఫీల్డ్‌ను ఓడించిన పోటీ, ముఖ్యంగా అందులోని పదో రౌండు, హెవీవెయిట్ చరిత్రలో నేను చూసిన గొప్ప సన్నివేశాల్లో ఒకటి. దూరం నుంచి జ్యాబ్, దగ్గరికి వస్తే పక్క నుంచి వేసే పొట్టి హుక్‌లు, అప్పర్‌కట్‌లు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి అంత దగ్గరలో అంత నైపుణ్యంతో పోరాడడం అంతకు ముందు అరుదు. ఏడాది తర్వాత రెండో పోటీకి అతని తూకం 246. స్వల్ప తేడాతో టైటిల్ పోయింది. 1995లో మూడో పోటీలో హోలీఫీల్డ్‌ను నాకౌట్ చేశాడు, కింద పడి లేచి మరీ చేశాడు, కాబట్టి అతనికి గుండె లేదన్న మాట నిలవదు. కానీ 1996 జులైలో ఆండ్రూ గొలోటా మీదికి 252 పౌండ్లతో వచ్చి దారుణంగా దెబ్బలు తిన్నాడు. నడుము కింద పదే పదే కొట్టినందుకు గొలోటాను అనర్హుడిగా ప్రకటించడంతో మాత్రమే గెలిచాడు. ఆ పోటీ తర్వాత ఫచ్ అతన్ని విడిచిపెట్టాడు. ఎనభై అయిదేళ్ళకు చేరువైన గురువు, శిష్యుడు సాధన చేయడం లేదన్న కారణంగా తప్పుకున్నాడంటే అంతకన్నా తీవ్రమైన తీర్పు ఈ క్రీడలో లేదు. డిసెంబరులో మళ్ళీ అదే గొలోటా, మళ్ళీ అవే దెబ్బలు, మళ్ళీ అదే అనర్హత. 29 ఏళ్ళకే బో అగ్రశ్రేణి బాక్సింగ్ ముగిసింది.

గొలోటా గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండు పోటీల్లోనూ పాయింట్లలో ముందున్నది అతనే, ఊరికే బాక్సింగ్ చేస్తూ ఉన్నా గెలిచేవాడు. తిండి, బరువు, సాధన విషయాల్లో ఏ లోటూ లేని మనిషి కూడా రింగ్‌లో తన చేతిని తాను అదుపులో పెట్టుకోలేక ప్రపంచ స్థాయి విజయాన్ని రెండుసార్లు వదులుకున్నాడు. క్రమశిక్షణ లోపాన్ని పొట్ట చూసి మాత్రమే కొలవడం సరికాదని అతని కథ చూపిస్తుంది.

టైసన్ విషయంలో మీ వ్యాసం జైలు, ఆడంబరాల గురించే ఎక్కువ రాసింది. బాక్సర్‌గా అతని పతనం అంతకుముందే మొదలైంది. శిక్షకుడు కస్ డమాటో అతన్ని కుర్రప్రాయం నుంచి ఇంట్లో పెట్టుకుని పెంచి, 1985 నవంబరులో చనిపోయాడు. మరుసటి నవంబరులో టైసన్ 20 ఏళ్ళ 4 నెలల వయసులో, అందరికన్నా చిన్న హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. మేనేజర్ జిమ్ జేకబ్స్ 1988 మార్చిలో మరణించాడు. ఆ జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన టైసన్, సంవత్సరం తిరగకముందే డమాటో పద్ధతిలో తనకు శిక్షణ ఇచ్చిన కెవిన్ రూనీని కూడా తొలగించాడు. అంటే మూడేళ్ళలో అతనికి వద్దని చెప్పగలిగిన ముగ్గురూ లేకుండా పోయారు. టోక్యోలో డగ్లస్‌తో పోటీకి ముందు జరిగిన స్పారింగ్‌లో అతన్ని కింద పడేసినవాడు మనం పైన చెప్పుకున్న గ్రెగ్ పేజే. పోటీ రోజున టైసన్ కన్ను వాచిపోతుంటే, దాన్ని అణచడానికి ఏ మామూలు బాక్సర్ మూలలోనైనా ఉండే చల్లని ఇనుప బిళ్ళ కూడా అతని సహాయకుల దగ్గర లేదు. రబ్బరు తొడుగులో మంచునీళ్ళు పోసి కంటికి అద్దారు. ప్రపంచంలో అత్యధికంగా సంపాదిస్తున్న బాక్సర్ శిబిరంలో ఉన్న సన్నద్ధత అది. ఆ రాత్రి టైసన్ ఒక్కడే ఓడాడని చెప్పడం నాకు సగం నిజంగానే తోస్తుంది.

ఇది పాతకాలపు సంగతి కూడా కాదు. 2019 జూన్‌లో వేరొకరు డ్రగ్ పరీక్షల్లో విఫలమవడంతో నెల రోజుల వ్యవధిలో అవకాశం దక్కిన ఆండీ రూయిజ్, 268 పౌండ్ల బరువుతో న్యూయార్క్‌లో ఆంథొనీ జాషువాను నాలుగుసార్లు పడేసి ఓడించాడు. అతని ఒంటిని చూసి నవ్వినవాళ్ళు అతని చేతుల వేగం చూసి నోరు మూసుకున్నారు. డిసెంబరులో సౌదీ అరేబియాలో జరిగిన రెండో పోటీకి రూయిజ్ తూకం 283. జాషువా తన వంతుగా పది పౌండ్లు తగ్గి 237తో వచ్చి, పన్నెండు రౌండ్లూ అతనికి అందకుండా తిరిగి గెలిచాడు. విందులతో సమయం పోగొట్టుకున్నానని రూయిజ్ అదే రాత్రి దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మరోవైపు అత్యంత క్రమశిక్షణాపరుడిగా పేరున్న లెనాక్స్ లూయిస్ సైతం 2001 ఏప్రిల్‌లో ఒక హాలీవుడ్ సినిమాలో నటించి, దక్షిణాఫ్రికాలో సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున జరిగే పోటీకి ఆలస్యంగా వెళ్ళి, 253 పౌండ్లతో, అయిదో రౌండులో హసీమ్ రహ్మాన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. రహ్మాన్ ఆ గాలికి అలవాటుపడడానికి చాలా ముందే అక్కడికి చేరుకున్నాడు. అయితే లూయిస్ వెంట ఇమాన్యుయెల్ స్టివర్డ్ వంటి శిక్షకుడున్నాడు. ఏడు నెలల తర్వాత బరువు తగ్గించుకుని వచ్చి నాలుగో రౌండులో లెక్క సరిచేశాడు. రూయిజ్, లూయిస్ ఇద్దరూ తప్పు చేశారు, కానీ లూయిస్‌ను మళ్ళీ దారిలో పెట్టే ఏర్పాటు ఉంది, రూయిజ్‌కు అంత బలంగా లేదు. నా వాదనకు ఈ రెండు పోటీల కన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు.

బరువునే చూసి తీర్పు చెప్పే అలవాటు రెండు రకాలుగా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జార్జ్ ఫోర్‌మన్ పదేళ్ళ విరామం తర్వాత 1987లో తిరిగి వచ్చినప్పుడు అందరూ అతని శరీరాన్ని చూసి నవ్వారు. కానీ 1994 నవంబరులో, 45 ఏళ్ళ వయసులో, 250 పౌండ్లతో, మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడేసి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. యవ్వనంలో కన్నా ముప్పై పౌండ్లు ఎక్కువున్న ఆ మనిషి తన కొత్త శరీరానికి తగిన పద్ధతిని ఏళ్ళ తరబడి సాధన చేశాడు. ఇంకోవైపు టైసన్ ఫ్యూరీ 2015 నవంబరులో వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించాక రెండున్నరేళ్ళు రింగ్‌కు దూరమై, మద్యం, కొకైన్‌తో 400 పౌండ్లకు దగ్గరైనప్పుడు పత్రికలన్నీ అతన్ని సోమరి, బాధ్యతలేనివాడు అనే రాశాయి. తాను తీవ్రమైన మానసిక కుంగుబాటుతో, చావాలన్న ఆలోచనలతో పోరాడుతున్నానని ఫ్యూరీయే బయటపెట్టాడు. చికిత్స తీసుకుని, కొత్త శిక్షకుడితో వందకు పైగా పౌండ్లు తగ్గి, 2018లో డియాంటే వైల్డర్‌తో సమానంగా నిలిచి, 2020 ఫిబ్రవరిలో అతన్ని ఏడో రౌండులో ఆపించాడు. జబ్బును బద్ధకం అని రాసిన పత్రికల్లో ఎన్ని తమ మాట వెనక్కి తీసుకున్నాయి? మన పత్రికలు ఆ పొరపాటు చేయకూడదనే నా తపన.

చివరగా గ్రెగ్ పేజ్ గురించి. మీ వ్యాసం అతన్ని బరువు పెరిగి టైటిల్ పోగొట్టుకున్న ఛాంపియన్ అని ఒక్క వాక్యంలో ముగించింది. టైటిల్ పోయాక అతను పదహారేళ్ళు అడపాదడపా పోరాడుతూనే ఉన్నాడు, ఎందుకంటే డబ్బు మిగల్లేదు. 2001 మార్చి 9న కెంటకీ రాష్ట్రంలోని ఎర్లాంగర్ అనే చిన్న ఊళ్ళో, 42 ఏళ్ళ వయసులో, 1,500 డాలర్ల పారితోషికానికి, తనకన్నా దాదాపు ఇరవై ఏళ్ళు చిన్నవాడైన బాక్సర్‌తో తలపడ్డాడు. పదో రౌండులో కూలిపోయాడు. మెదడులో రక్తస్రావమైంది. రింగ్ పక్కన ఆక్సిజన్ లేదు, అంబులెన్స్ లేదు. అక్కడున్న వైద్యుడికి ఆ రాష్ట్రంలో లైసెన్స్ లేదు. శస్త్రచికిత్స సమయంలో పక్షవాతం వచ్చి శరీరం ఎడమభాగం పడిపోయింది. ఎనిమిదేళ్ళు చక్రాల కుర్చీలో గడిపి 2009 ఏప్రిల్‌లో 50 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అతనూ అతని భార్యా వేసిన వ్యాజ్యంలో 2007లో కెంటకీ ప్రభుత్వం పరిహారం చెల్లించి, బాక్సింగ్ పోటీల్లో వైద్య భద్రతకు అతని పేరిట కొత్త నియమాలు తెచ్చింది. క్రమశిక్షణ పాటించనిది పేజ్ ఒక్కడేనా, ఆ రాత్రి ఆ పోటీకి అనుమతి ఇచ్చినవారు కాదా?

మీ క్రీడావిభాగానికి నా విన్నపాలు రెండు. హెవీవెయిట్ టైటిల్ పోటీల వార్తలు రాసేటప్పుడు ఫలితంతో పాటు ఇద్దరి తూకాలనూ, అంతకుముందు వారు అత్యుత్తమంగా పోరాడినప్పటి తూకాలనూ, శిక్షకుడు మారి ఉంటే ఆ సంగతినీ ఇవ్వండి. పాఠకుడు సన్నద్ధతను తానే అంచనా వేసుకోగలుగుతాడు. రెండోది, ఆ వ్యాసానికి కొనసాగింపు ప్రచురించే ఆలోచన ఉంటే, విదర్‌స్పూన్‌కు ముట్టిన మొత్తం గురించీ, థామస్ వ్యసనం మాని చేస్తున్న పని గురించీ, పేజ్ చివరి పోటీ గురించీ పైన రాసిన వివరాలను అందులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
బాక్సింగ్‌ను అభిమానించే ఒక పాఠకుడు